ఆరింటికి హాజరు, ఏడున్నరకి పార

ఒడిశా కొరాపుట్ జిల్లాలో పొద్దున్న ఆరు గంటలకి హాజరు వేసే యాజమాన్యాలకి, లేబర్ కాంట్రాక్టర్లకి, సూపర్‌వైజర్లకి

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను సెమిలిగుడ దగ్గర ఒక క్యాంటీన్‌లో వంట చేస్తాను. పదకొండేళ్ళుగా అదే పని, అదే దారి. ఇంటి నుంచి గేటు దాకా నాలుగు కిలోమీటర్లకి కాస్త ఎక్కువే ఉంటుంది, నడిచే వెళతాను. ఎండాకాలంలో ఆ దూరం ఒక లెక్క కాదు. వానాకాలంలో గొడుగుంటే సరిపోతుంది. డిసెంబర్ వచ్చిందంటే మాత్రం రోజూ పడుకునే ముందు రేపటి దారి గుర్తొచ్చి గుబులు మొదలవుతుంది. ఆ గుబులు నా ఒక్కదానికే ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. మీలో చాలామంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు మీవి. గేటు దగ్గర మాతో ఒడియాలో మాట్లాడే సూపర్‌వైజర్ గారు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడేది మా ఊరి తెలుగే, నేను విన్నాను. ఇదే ఉత్తరం ఒడియాలో మా అబ్బాయి చేత రాయిస్తున్నాను, నాతో పాటు నడిచేవాళ్ళలో సగం మందికి అది కావాలి. నా పని చోటు పేరు మాత్రం రాయడం లేదు. ఆరింటికి హాజరు వేసే చోట్లన్నింటి దగ్గరా కథ ఒకటే.

నేను అడిగేది కూడా ఒకటే. చలికాలంలో మమ్మల్ని చీకట్లో నడిపించకండి. హాజరు వేళ మార్చడం కుదిరే వాళ్ళకి మార్చండి. కుదరని వాళ్ళకి బండిలో చోటివ్వండి.

మా పొద్దు ఎలా మొదలవుతుందో ముందు చెబుతాను. డిసెంబర్, జనవరి నెలల్లో నేను నాలుగింటికి లేస్తాను. అన్నం, కూర వండి పిల్లలకి మూతపెట్టి, ఐదు కొట్టకముందే గుమ్మం దిగుతాను. ఆ రోజుల్లో ఇక్కడ సూర్యుడు పొడిచేది ఆరున్నరకి. జనవరి మధ్యలో ఇంకాస్త ఆలస్యమవుతుంది. అంటే ఇంటి దగ్గర అడుగు మొదలు, గేటు చేరి పొయ్యి వెలిగించేదాకా చీకటే. మాది కొండల మీది ఊరు, సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. పది డిగ్రీల లోపుకి దిగడం ఇక్కడ మామూలు సంగతి, ఐదుకీ ఆరుకీ పడ్డ రోజున మాత్రం పేపర్లో వస్తుంది. పెళ్ళయిన మొదటి ఏడాది సంక్రాంతికి మా అమ్మ సాలూరు నుంచి వచ్చింది. తెల్లారగట్ల పెరట్లోకి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, "ఓలమ్మా, ఇదేటి సలే, ఎముకల్లోకి దిగిపోతంది" అని నా దుప్పటి కూడా లాక్కుని కప్పుకుంది. సాలూరు నుంచి ఇక్కడికి బస్సులో పూట ప్రయాణం కూడా కాదు. ఘాట్ ఎక్కేసరికి కాలమే మారిపోతుంది.

ఒట్టి చలి అయితే ఓర్చుకోవచ్చు. స్వెటర్ మీద శాలువా, చెవులకి రుమాలు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని వేగంగా నడిస్తే కిలోమీటరు దాటేసరికి ఒళ్ళు వేడెక్కుతుంది. మేజోళ్ళ మీద హవాయి చెప్పులు జారతాయని ఆ మధ్య బొటనవేలి దగ్గర మేజోడు కత్తిరించి వేసుకోవడం నేర్చుకున్నాం. మాకు అసలు భయం మంచుతో. ఒడియా వాళ్ళు కుహుడి అంటారు. ఆకాశం తేటగా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేలలో వేడంతా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. పొలాల తేమ, చెరువుల తేమ అక్కడ కలిసి మంచు కడుతుంది. అందుకే మిట్ట మీద నడుస్తున్నప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టొచ్చు, దిగువన కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ముందు నడిచే మనిషి వీపు కనబడదు. మాటలు మాత్రం వినబడుతుంటాయి. అక్కడ మేమందరం ఏదో ఒకటి మాట్లాడుతూ నడుస్తాం, ఎవరైనా వెనకబడితే తెలియడానికి.

మా నాన్న లారీ డ్రైవర్. సాలూరు అంటేనే లారీల ఊరు కదా, మా వీధిలో ఇంటికొకరు ఆ పనిలోనే ఉండేవాళ్ళు. మా నాన్న ఎన్నో ఏళ్ళు సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా రాయపూర్ దాకా బండి తోలాడు. మంచు గురించి ఇంట్లో చెప్పేవాడు. "హైబీమ్ ఏసినావంటే ఎదర తెల్లగోడే కనబడతాది. డిప్పర్లో పెట్టి, ఎడమ పక్క తెల్లగీత పట్టుకుని పోవాల. గీత తప్పితే లోయే." మంచు బిందువులకి తగిలి లైటు వెనక్కి తిరిగి డ్రైవర్ కళ్ళల్లోనే పడుతుంది కాబట్టి అలా. చిన్నప్పుడు ఆ మాటలు కథలా వినేదాన్ని. ఇక్కడ పనిలో చేరాక ఒకరోజు కల్వర్టు దగ్గర ఆ మాట గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. ఎందుకంటే నేను నడుస్తున్నది సరిగ్గా ఆ తెల్లగీత మీదే. చీకట్లో మాకు ఆనవాలు ఆ గీత, డ్రైవర్‌కీ ఆనవాలు ఆ గీతే. ఇద్దరం ఒకే గీతని నమ్ముకుని, ఒకరికొకరు కనబడకుండా, ఒకే వైపు పోతున్నాం.

ఆ రోజు నుంచి నేను కుడిపక్కకి మారాను. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బండి కనబడేలా నడవడమే మంచిది, కనీసం పక్కకి దూకే వీలుంటుంది. నాతో వచ్చే పదిమందికీ చెప్పాను, అందరం ఇప్పుడు కుడిపక్కే ఒకరి వెనక ఒకరం వెళతాం. కానీ కుడిపక్క మాత్రం ఏముంది? ఒకచోట కంకర గుట్ట, ఒకచోట రాత్రి ఆపిన లారీలు, ఒకచోట చెత్త. వాటి దగ్గర రోడ్డు మీదికి దిగక తప్పదు. అక్కడ గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుతాం.

గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి పదహారు మీటర్ల పైన పోతుంది. డ్రైవర్ మనిషిని చూసి, కాలు బ్రేకు మీద వేసేలోపే పాతిక మీటర్లు అయిపోతాయి. బండి ఆగడానికి ఇంకా దూరం కావాలి, రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. యాభై మీటర్లు కూడా కనబడని మంచులో ముదురు రంగు శాలువా కప్పుకున్న ఆడమనిషి అతనికి కనబడేసరికి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. నేను డ్రైవర్ కూతుర్ని, డ్రైవర్లని తిట్టడానికి నాకు నోరు రాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్ళే. అయిదుగురిలో ఒకరు. బండి ఎక్కని మనిషి బండి వల్ల పోవడం ఇంత మామూలైపోయింది.

ఇప్పుడు నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను. రెండు చలికాలాల కిందట, జనవరిలో. మా వీధి పెద్దమ్మ ఒకావిడ ఊడ్చే పనికి వస్తుంది, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ రోజు కల్వర్టు దగ్గర నా ముందు నడుస్తోంది. మోటార్ సైకిల్ ఒకటి మంచులోంచి వచ్చి, దాని హ్యాండిల్ ఆవిడ భుజానికి తగిలి, ఆవిడ కల్వర్టు గోడ మీద చెయ్యి ఆనించి పడిపోయింది. బండి ఆగలేదు. దేన్ని తగిలిందో అతనికి తెలిసిందో లేదో కూడా నేను చెప్పలేను. క్యారియర్ మూత ఊడి చోడి అంబలి రోడ్డు మీద పారింది, దానిలోంచి ఇంకా ఆవిరి వస్తోంది. నేను ఆవిడని లేవదీసి కూర్చోబెట్టాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "టైమెంతయిపోనాదే?"

చెయ్యి నొప్పెడుతోందని అనలేదు. నీళ్ళు అడగలేదు. టైము అడిగింది.

గేటు చేరేసరికి ఆరూ ఇరవై. పూట హాజరు పోయింది. చీపురు పట్టుకోలేక పది గంటలకి ఆసుపత్రికి పోతే మణికట్టు విరిగిందన్నారు. ఆరు వారాలు కట్టు, ఆరు వారాలు కూలి లేదు. ఆవిడని వేలెత్తి ఎవరూ ఏమీ అనలేదు, చేర్చుకోం అని కూడా అనలేదు. కట్టు విప్పాక మళ్ళీ అదే పనిలో పెట్టుకున్నారు, దానికి మేం కృతజ్ఞతగానే ఉన్నాం. కానీ ఆ ఆరు వారాలు ఆవిడ ఎలా బతికిందో నాకు తెలుసు, గిన్నెలో బియ్యం పోసి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి.

పనికి వచ్చే దారిలో తగిలిన దెబ్బ పనిలో తగిలినట్టేనని చట్టంలో ఉంది. ఈఎస్ఐ అనే కార్మికుల బీమా చట్టంలో 2010లో చేర్చారు, ఇంటి నుంచి పనిచోటుకి వెళ్ళేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదానికి పనితో సంబంధం ఉందని తేలితే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే లెక్క అని. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. మా అబ్బాయి కాలేజీలో చదివి చెప్పాక తెలిసింది. ఈఎస్ఐ కార్డు చేతిలో లేని మనిషికి ఆ చట్టం ఏం చేస్తుంది? కాంట్రాక్టర్లకి నా మనవి, మీ దగ్గర పనిచేసే వాళ్ళలో ఎవరికి కార్డు రావాలో చూసి ఈ చలికాలం లోపలే ఇప్పించండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళ పనివేళల్ని పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్యకి కట్టింది, తర్వాత సడలింపులు వచ్చాయి. రాత్రిపూట ఆడవాళ్ళు ఇబ్బంది పడకూడదనే కదా అలా రాశారు. ఆరింటికి గేటు లోపల ఉండాలంటే ఐదింటికి రోడ్డు మీద ఉండాలి. ఆ గంట ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంక హాజరు సంగతి. గేటు పక్క గోడకి వేలిముద్ర మిషన్ ఉంటుంది. వేసవిలో పెట్టగానే పచ్చలైటు వెలుగుతుంది. చలికాలంలో మా వేళ్ళ చర్మం ఎండి, పగిలి, గీతలు చెదిరిపోతాయి. గిన్నెలు తోమేవాళ్ళకి, సిమెంటు పనివాళ్ళకి మరీను. వేలు పెడితే ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెడితే మళ్ళీ ఎర్రలైటు. ఒకావిడ వేలిని నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊదుతుంది. ఒకాయన తలకి రాసుకున్న నూనె వేలికి అద్దుకుంటాడు. నేను చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చేదాన్ని, ఆ చలికి అది తెల్లగా గడ్డకట్టేసేది, పిన్నీసుతో గీరి తియ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఆవనూనె తెస్తున్నాను, అది గడ్డకట్టదు. క్యూలో ఆ సీసా చేతులు మారుతూ వెనక దాకా పోయి తిరిగొస్తుంది. ఈలోపు గడియారం ఆరూ ఐదు దాటుతుంది. మంచులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని టైముకి వచ్చిన మనిషి, వేలు పలకలేదని లేటు అయిపోతుంది. ఈ నెలల్లో ఒక పుస్తకంలో సంతకమో, పేరు పిలిచి టిక్కో పెట్టుకునే ఏర్పాటు చెయ్యండి. ఒక నోటుబుక్కు ఖర్చు.

అలా ఆరింటికి హాజరు వేయించుకున్న వాళ్ళు లోపలికి వెళ్ళి ఏం చేస్తారో మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. మీరు వచ్చేది తొమ్మిదికి. నేను క్యాంటీన్ కిటికీలోంచి రోజూ చూస్తాను. మొక్కల పనివాళ్ళు పద్నాలుగు మంది స్టోర్ రూమ్ అరుగు మీద కూర్చుంటారు. పారలు, గంపలు, నీళ్ళ గొట్టాలు అన్నీ లోపలే. తాళం స్టోర్‌కీపర్ గారి దగ్గర. ఆయన డ్యూటీ ఏడున్నరకి. అందాకా వీళ్ళు అట్టపెట్టెలు, ఎండు కొమ్మలు పోగేసి చలిమంట వేసుకుంటారు, ఏమీ దొరక్కపోతే పాత టైరు ముక్క కూడా వేస్తారు, ఆ నల్లటి పొగకి దగ్గుతూనే చేతులు చాపుతారు. పెయింట్ పనివాళ్ళు తేమ ఆరేదాకా గోడ ముట్టుకోలేరు. లోడింగ్ వాళ్ళకి మొదటి లారీ ఎనిమిది తర్వాతే లోపలికి వస్తుంది, మంచుకి అది కూడా ఎక్కడో ధాబా దగ్గర ఆగే ఉంటుంది. బయట ఊడ్చేవాళ్ళు ఆరింటికి మొదలుపెడతారు, కానీ చీకట్లో ఊడ్చింది వెలుగొచ్చాక మళ్ళీ ఊడవాల్సిందే, నేలంతా మంచుకి తడిసి ఆకులు అతుక్కుని ఉంటాయి.

ఆ పద్నాలుగు మందిలో చాలామంది కొండ మీది ఊళ్ళ పరజా, గదబ గిరిజనులు. నా నడక నాలుగు కిలోమీటర్లయితే వాళ్ళది ఎనిమిది, అందులో సగం రోడ్డే లేని దారి. నేను నాలుగింటికి లేస్తే వాళ్ళు మూడింటికి లేస్తారు. ఒకమ్మాయి చంటిపిల్లని వీపున కట్టుకుని వస్తుంది. దించి చూస్తే పిల్ల జుట్టంతా మంచుతో తడిసి ఉంటుంది, తువ్వాలు పెట్టి ఆవిడ ముందు పిల్ల తల తుడిచి, ఆ తర్వాత తన మొహం తుడుచుకుంటుంది. తుడుచుకుని స్టోర్ అరుగు మీద కూర్చుంటుంది, ఏడున్నర దాకా. ఆవిడ ఎందుకంత ముందు రావాలో ఎవరైనా నాకు చెప్పగలిగితే నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

వేళలు మార్చడం మనకి కొత్త కాదు. 1998 వేసవిలో వడగాడ్పులకి ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో రాష్ట్రం మేల్కొంది. ఇప్పుడు ఎండలు ముదిరితే మధ్యాహ్నం పూట బయట పని ఆపమని ప్రభుత్వమే ఆదేశిస్తుంది, బడులు పొద్దుటిపూటకి మారతాయి, మీరూ మే నెలలో మా వేళలు సర్దుతున్నారు. దానివల్ల పని ఆగిపోలేదు, ఎవరూ నష్టపోలేదు. చలికి, మంచుకి మనుషులు ఒకేసారి వందల్లో పోరు. ఒకరి మణికట్టు, ఒకరి కాలు, ఎక్కడో ఒక రోజు ఒకరి ప్రాణం. విడివిడిగా పోతారు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు, ఆదేశం రాలేదు. ఆదేశం వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు కదా. షిఫ్టు చార్టు మీ చేతిలోనే ఉంది.

లెక్క చూద్దాం. ఇప్పుడు ఆరు నుంచి రెండున్నర, మధ్యలో అరగంట తిండి. దాన్ని ఏడున్నర నుంచి నాలుగుకి మార్చండి. అదే ఎనిమిది గంటల పని. ఏడున్నరకి గేటు దగ్గర ఉండాలంటే నా దూరం వాళ్ళు ఆరున్నర తర్వాత, వెలుగులో బయల్దేరితే చాలు. సాయంత్రం నాలుగింటికి వదిలితే ఐదుకల్లా ఇల్లు చేరతారు. డిసెంబర్‌లో ఇక్కడ పొద్దు కుంకేది ఐదూ ఇరవై దాటాక. అంటే రానూ పోనూ రెండు నడకలూ వెలుగులోనే. ఎనిమిది కిలోమీటర్ల వాళ్ళకి కొంత చీకటి తప్పదు, అయినా ఇప్పుడున్న దానిలో సగం కూడా ఉండదు. డిసెంబర్ మొదటి తారీఖు నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా ఇలా పెట్టమంటున్నాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, శివరాత్రి ఆ తర్వాత వచ్చే ఏళ్ళల్లో మిగతా రోజులు మేం ఓర్చుకుంటాం.

మీరు అడగబోయేది నాకు తెలుసు. తెల్లారాక కూడా మంచు ఉంటుంది కదా అని. ఉంటుంది. నిజం చెప్పాలంటే సూర్యోదయం వేళకే చలి బాగా ఎక్కువ, మంచు చిక్కన. ఎనిమిది దాటితే గానీ విడదు. కానీ చీకట్లో మంచు వేరు, వెలుగులో మంచు వేరు. వెలుగొచ్చాక మనిషి ఆకారం నల్లగానైనా తెలుస్తుంది, డ్రైవర్‌కి లైటు మొహాన కొట్టదు, కంకర గుట్ట ఎక్కడుందో మాకు ముందే కనబడుతుంది. ఆ మాత్రం చాలు, పదకొండేళ్ళు ఆ దారిన నడిచిన దాన్ని చెబుతున్నాను. పైగా ఆ వేళకి దారిలో టీకొట్లు తెరుస్తారు, షేర్ ఆటోలు మొదలవుతాయి, డబ్బులున్న రోజు ఎక్కుతాం. ఐదింటికి ఆ దారిలో మేమూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరు. కుక్కల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది.

అందరికీ వేళ మార్చడం కుదరదని కూడా తెలుసు. రాత్రి షిఫ్టు వాళ్ళని వదిలించాలంటే ఎవరో ఒకరు ఆరింటికి రావాలి. క్యాంటీన్ కూడా అంతే. ఏడున్నరకి నేను వస్తే ఎనిమిదింటికి టిఫిన్ పెట్టలేను. కాబట్టి నేను అడిగే వేళ నాకు వర్తించదు, నేను ఆరింటికే వస్తాను. నాలాంటి వాళ్ళ కోసం రెండో మాట. రోజూ ఐదుంపావు ప్రాంతంలో కల్వర్టు దాటగానే పెద్ద లైట్లతో ఒక బస్సు మా పక్క నుంచి వెళుతుంది. పర్మనెంట్ స్టాఫ్‌ని తేవడానికి గేటు వైపు నుంచి ఊళ్ళోకి ఖాళీగా వెళ్ళి, వాళ్ళని ఎక్కించుకుని తిరిగొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా వెనక వరసలు ఖాళీగానే ఉంటాయి, లోపల లైటు వేసి ఉంటుంది కాబట్టి మాకు స్పష్టంగా కనబడుతుంది. ఆ వెనక సీట్లలో చలికాలం రెండున్నర నెలలు మాకు చోటిస్తే బస్సుకి అదనంగా ఒక్క లీటరు డీజిల్ కూడా కాదు. మా మీద బంకమట్టి, పేడ, పొయ్యి వాసన ఉంటాయని ఎవరైనా అనుకుంటే, పాత దుప్పటి పరుచుకుని కూర్చుంటాం, దిగాక తుడిచి వెళతాం. బస్సు లేని చోట్ల కాంట్రాక్టర్ గారి సామాను బండి ఎలాగూ పొద్దున్నే కూరగాయలకీ పాలకీ తిరుగుతుంది. దారి కాస్త ముందు పెట్టుకుంటే కల్వర్టు దాటించి దింపొచ్చు.

ఇవేవీ మొదలయ్యేలోపు, ఈ ఏడాదే చెయ్యగలిగినవి కొన్ని. మనిషికొక మెరిసే జాకెట్టు ఇవ్వండి, రోడ్డు పని వాళ్ళు వేసుకునేలాంటిది. లైటు పడితే చాలా దూరం నుంచే కనబడుతుంది. మేం ఇప్పటికే పాత సీడీలు, సైకిల్ వెనక పెట్టే ఎర్రబిళ్ళలు సంచులకి కుట్టుకున్నాం. పది మందికి రెండు టార్చిలు ఇవ్వండి, ఒకటి వరస ముందు మనిషికి, ఒకటి ఆఖరి మనిషికి. మంచు రోజున ఇరవై నిమిషాలు లేటుని లేటుగా రాయకండి. ఆఖరిది చాలా ముఖ్యం, ఎందుకంటే టైము టెన్షన్ వల్లే మేం కంకర గుట్ట దగ్గర ఆగి చూడకుండా రోడ్డు మీదికి దిగుతున్నాం.

రోడ్డు పక్క కంకర, లారీలు, వెలగని లైట్ల గురించి పురపాలక అధికారులకి, హైవే వాళ్ళకి వేరే రాస్తున్నాం. అది మీ చేతిలో లేదు. మీ సంతకానికి మాత్రం మా అర్జీ కన్నా బరువుంటుంది, అడుగున మీ సంతకం కూడా పెట్టమని వచ్చే వారం మీ దగ్గరికి వస్తాం.

మీ అమ్మలూ నాన్నలూ కూడా మొదట ఈ కొండల మీదికి వచ్చినప్పుడు పనులకి నడిచే పోయుంటారు. ఒక కాంట్రాక్టర్ గారే ఓసారి క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పారు, వాళ్ళ నాన్నగారు చలికాలంలో కాళ్ళకి గోనెసంచి చుట్టుకుని పనికి పోయేవారని. చెబుతుంటే ఆయన గొంతు మారింది. నేను ఆ రోజే అడుగుదామనుకున్నాను, నోరు పెగల్లేదు. అందుకే ఇలా రాశాను.

నవంబర్ ఆఖరి వారంలో డిసెంబర్ చార్టు వేస్తారు. ఆ లోపు ఆలోచించండి. ఒక్క రోజు, ఏ మంచు రోజైనా సరే, ఐదింటికి మాతో నడవాలనిపిస్తే కబురు పెట్టండి. కల్వర్టుకి ఇవతల, రావిచెట్టు కింద ఆగుతాం. మీకు టార్చి, శాలువా నేను తెస్తాను. పెద్దమ్మ కూడా ఉంటుంది, చెయ్యి చూపిస్తుంది.

ఇట్లు,
సెమిలిగుడ నుంచి నడిచి పనికి వచ్చే ఒక వంటావిడ